రాళ్ళని చదివించిన ఇంజనీరు: కాలిన్ మెకంజీ

సివిల్ బ్రాంచిలో చేరినవాళ్ళెవరికైనా సర్వేయింగ్ ల్యాబ్ గుర్తుంటుంది. మే నెల ఎండలో రేంజింగ్ రాడ్ పట్టుకుని ఒకడు, లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని ఇంకొకడు, నీడలో కూర్చుని రీడింగులు రాసుకునే తెలివైనవాడు ఒకడు. రికార్డు సబ్మిట్ చేశాక ఆ సబ్జెక్టు సంగతి మర్చిపోతాం. అదే పని చేస్తూ దాదాపు నలభై ఏళ్ళు ఈ దేశంలో తిరిగి, భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయిన మనిషి గురించి మన సిలబస్‌లో ఒక్క ముక్క లేదు. కానీ తెలుగు సాహిత్యం, చరిత్ర చదివేవాళ్ళకి ఆయన పేరు బాగా తెలుసు. మెకంజీ కైఫీయత్తులు అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఆ మెకంజీ ఈయనే. కల్నల్ కాలిన్ మెకంజీ.

ఈ సంచికకి నేను ఆయన జీవితమే ఎంచుకోవడానికి కారణం మోండా మార్కెట్. సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్ళకి మోండా గురించి చెప్పక్కర్లేదు. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పొద్దున్నే కూరగాయల బళ్ళు, పక్కన పూజ సామాన్లు, పాత జైల్‌ఖానా గోడలు, ఎప్పుడూ తోసుకుంటూ నడవాల్సిన సందులు. అక్కడ మా మామయ్యకి ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. సెలవుల్లో నేను వెళ్ళి కూర్చుంటాను. ఒకరోజు మెదక్ వైపు నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళికి బిందెలు చూడటానికి వచ్చాడు. బేరం నడుస్తుండగా ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. ఆయన చేను గట్టు మీద సగం భూమిలో పాతుకుపోయిన రాయి. పైన సూర్యుడు, చంద్రుడు, మధ్యలో లింగం లాంటిదేదో, కింద అరిగిపోయిన గీతలు. ఒక స్వామి వచ్చి చూసి అది గుప్తనిధి గుర్తు అన్నాడట. సూర్యుడున్న వైపు ఇన్ని అడుగులు, చంద్రుడున్న వైపు ఇన్ని అడుగులు లెక్కపెట్టి తవ్వాలట. పూజకీ తవ్వకానికీ కలిపి 2 లక్షలు అడిగాడట. పెళ్ళికి దాచిన డబ్బు అదే. ఇయ్యాల్నా వద్దా అని మా మామయ్యని అడుగుతున్నాడు పెద్దాయన. సేటూ, నువ్వు నాలుగు ఊర్లు చూసినోనివి, నువ్వే చెప్పు అని.

మామయ్య నా వైపు చూశాడు. నేను ఆ వారమే లైబ్రరీలో మెకంజీ గురించి చదువుతున్నాను. ఆ రాయి సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈయన సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండ్‌కి పడమటగా ఉన్న లూయిస్ అనే ద్వీపంలో, స్టోర్నోవే అనే చిన్న రేవు ఊళ్ళో పుట్టాడు. కుర్రతనంలో అక్కడే కస్టమ్స్ శాఖలో ఉద్యోగం. మనందరికీ లాగరిథమ్స్ నేర్పిన జాన్ నేపియర్ ఉన్నాడు కదా, ఆ నేపియర్ వంశంలోని ఒక ప్రభువు తమ పూర్వీకుడి జీవితచరిత్ర రాయాలనుకున్నాడు. హిందువుల గణితం ఎలా ఉండేదో, అంకెలూ లెక్కలూ ఎలా చేసేవాళ్ళో వివరాలు పోగుచేసే పని కుర్ర మెకంజీకి అప్పగించాడు. ఆ పుస్తకం పూర్తి కాలేదు. కానీ ఈ కుర్రాడి బుర్రలో ఇండియా అనే పురుగు దూరింది. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. అప్పటికి వయసు 29 దాటుతోంది. మనలో ఇరవై రెండేళ్ళకే జీవితం చేజారిపోయిందని బెంగపడేవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

వచ్చిన కొత్తలో మధురైలో నేపియర్ ప్రభువు కూతురు హెస్టర్ జాన్‌స్టన్ ఇంట్లో అక్కడి పండితులతో పరిచయం అయింది. లెక్కల కోసం వచ్చినవాడికి ఈ దేశంలో ఇంకా తవ్వి తీయాల్సింది చాలా ఉందని అర్థమైంది. కానీ ఆయన చేతిలో సమయం లేదు. కొన్నాళ్ళకి ఇంజనీర్ల విభాగంలోకి మారాడు. ఆ తర్వాత వరసగా యుద్ధాలు, కోటలు, ముట్టడులు, రోడ్లు. మూడో మైసూరు యుద్ధం 1792లో ముగిశాక ఆయన్ని నిజాం రాజ్యానికి పంపారు. హైదరాబాద్ దగ్గర ఉన్న కంపెనీ సైన్యానికి ఇంజనీరు. దక్కన్ అంతా సర్వే చేసి మ్యాపు తయారు చేయాలి. అప్పటికి సికింద్రాబాద్ అనే ఊరే లేదు. ఆ పేరు 1806లో మూడో అసఫ్ జా సికందర్ జా పేరు మీద వచ్చింది. మోండా మార్కెట్ ఉన్న నేల అప్పటికి హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన ఉన్న ఖాళీ జాగా.

మధ్యమధ్యలో పాండిచ్చేరి ముట్టడి అనీ, సిలోన్ యుద్ధం అనీ పిలుస్తూనే ఉన్నారు. వెళ్ళడం, మళ్ళీ వచ్చి సర్వే మొదలుపెట్టడం. 1794లో శ్రీశైలం వెళ్ళాడు. ఇప్పుడు మనం బస్సులో నిద్రపోతూ దాటే నల్లమల అడవిని అప్పట్లో ఎలా దాటి ఉంటారో ఊహించుకోండి. గుడి ప్రాకారం రాళ్ళ మీద వరసగా చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు చూసి వివరంగా రాసుకున్నాడు. ఆ రాత తర్వాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. సర్వేకి వెళ్ళినవాడు కొండ ఎత్తు, నది వెడల్పు కొలిచి ఊరుకోవచ్చు. ఈయన గోడ మీద బొమ్మలు కూడా కొలతల్లో భాగమే అనుకున్నాడు. మనిషి తేడా అక్కడుంది.

అయితే ఒక పెద్ద ఇబ్బంది. మెకంజీకి మన భాషలు రావు. చివరిదాకా ఏ దేశభాషలోనూ ఆయన పండితుడు కాలేదు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. రాళ్ళ మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, అవి ఏం చెప్తున్నాయో తెలీదు. ఊళ్ళో వాళ్ళని అడిగితే వాళ్ళకీ తెలీదు. పాత లిపి వాళ్ళు చదవలేరు. దేవుడు రాసిందనో, దయ్యం రాసిందనో, నిధి గుర్తనో చెప్తారు. దాదాపు పదమూడేళ్ళు ఈ దేశంలో ఉన్నా, సైన్యం పని తప్ప తను తెలుసుకోవాలనుకున్నదానికి తలుపు తెరుచుకోలేదు.

1796లో ఆ తలుపు తీసినవాడు మనవాడే. ఏలూరుకి చెందిన కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి ఇరవై ఏళ్ళు. అంటే మన థర్డ్ ఇయర్ వయసు. తెలుగు, సంస్కృతంతో పాటు పార్సీ, హిందుస్తానీ, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మెకంజీ దగ్గర దుబాసీగా చేరాడు. దుబాసీ అంటే మాట మార్చి చెప్పేవాడని మాత్రమే అనుకోకండి. ఏ ఊళ్ళో ఎవరిని కలవాలి, ఎలా పలకరించాలి, ఏం అడగాలి, ఏం అడగకూడదు, అన్నీ బొర్రయ్యే చూసుకునేవాడు. శ్రీరంగపట్నం ముట్టడి దాకా మెకంజీ వెంటే ఉన్నాడు. ఆ తర్వాత మైసూరు సర్వేలో హళగన్నడ శాసనాలు బయటపడుతుంటే, అక్కడి పండితులకే కొరుకుడుపడని పాత అక్షరాలని చదివే దారి బొర్రయ్య కనిపెట్టాడు.

ఇక్కడ కాస్త ఆగి పాత రాయి ఎలా చదువుతారో చెప్తాను. ఎందుకంటే ఇది మంత్రం కాదు, మన డీబగ్గింగ్ లాంటిదే. శాసనాలకి ఒక మూస ఉంటుంది. మొదట స్వస్తిశ్రీ అనో, శుభమస్తు అనో మంగళం. తర్వాత శక సంవత్సరం, నెల, తిథి. తర్వాత రాజు బిరుదులు. తర్వాత ఎవరు, ఎవరికి, ఏం ఇచ్చారు. చివర ఈ దానాన్ని చెరిపినవాడికి శాపం. మూస తెలిస్తే, అరిగిపోయిన చోట ఏ మాట ఉండాలో ఊహించొచ్చు. తెలిసిన అక్షరాన్ని పట్టుకుని తెలియని అక్షరం దగ్గరికి వెళ్ళాలి. ఒకచోట పగిలిన మాట ఇంకో రాయి మీద పూర్తిగా దొరుకుతుంది. పైగా తెలుగు, కన్నడ లిపులు ఒకప్పుడు ఒకటే. కాకతీయుల కాలం శాసనం చూస్తే ఇప్పటి కన్నడం చదవగలిగినవాడికి కొన్ని అక్షరాలు తొందరగా తడతాయి. వంద రాళ్ళు చూసినవాడికి నూటొకటో రాయి సులువు. అందుకే మెకంజీకి ఒక్క అందమైన శాసనం సరిపోలేదు, వేలకొద్దీ కావాలన్నాడు.

వేలు కావాలంటే మనుషులు కావాలి. బొర్రయ్య తర్వాత ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకో తమ్ముడు రామస్వామి, జైన పండితుడు ధర్మయ్య, ఇలా ఒక జట్టు తయారైంది. వీళ్ళు ఊరూరా తిరిగారు. గుళ్ళో శాసనం ఉంటే నకలు. కరణం ఇంట్లో పాత దండకవిలె ఉంటే నకలు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు కాలంలో ఏం మాన్యం ఇచ్చారు, అన్నీ అడిగి రాసుకున్నారు. అలా ఒక్కో ఊరికి తయారైన చరిత్రే కైఫీయత్తు.

వినడానికి బాగుంది కానీ జనం అంత తేలిగ్గా చెప్పలేదు. ఎందుకు చెప్తారు? కంపెనీ మనుషులు వచ్చి మీ మాన్యం కాగితాలు చూపించండి అంటే ఎవరికైనా గుండె జారుతుంది. పన్ను వేస్తారేమో, ఇనాం లాగేసుకుంటారేమో అని భయం. ఆ భయం వట్టిది కూడా కాదు. సర్వే అనేది సైన్యం నడవడానికీ, శిస్తు వసూలుకీ పనికొచ్చే విద్యే. మెకంజీని మనం మంచివాడనుకోవచ్చు, కానీ ఆయన జీతం ఇచ్చిన కంపెనీ చరిత్ర మీద ప్రేమతో ఇవ్వలేదు. శాసనాల మీద పెట్టిన ఖర్చులో చాలా భాగం ఆయన సొంత జేబులోంచే వెళ్ళింది. ఆ మొత్తం 15 వేల పౌండ్లకి పైమాటే అని హెస్టర్ కొడుకు, ఆయన స్నేహితుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్ తర్వాత లెక్క చెప్పాడు.

ఇప్పుడు నిధి సంగతికి వద్దాం. 1790ల చివర్లో చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టాడు. ఊరు కట్టాలంటే ఇటుకలు, రాళ్ళు కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే ఇటుకలు దొరుకుతాయి, అదృష్టం ఉంటే నిధి కూడా దొరుకుతుందని ఆశ. తవ్వారు. తెల్లటి సున్నపురాయి పలకలు బయటపడ్డాయి. వాటి నిండా మనుషులు, ఏనుగులు, తామర పూలు, చక్రాలు, పాములు. కొన్నిటి మీద ఎవరికీ తెలియని అక్షరాలు.

కబురు విని 1798లో మెకంజీ వచ్చి చూశాడు. అప్పటికే దిబ్బ మధ్యలో తవ్వేశారు. ఉన్న కొద్ది సమయంలో చూసినంత రాసుకుని వెళ్ళిపోవాల్సి వచ్చింది. మళ్ళీ జట్టుతో రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1816లో వచ్చేసరికి దిబ్బ మధ్య భాగం చెరువుగా మారింది. పలకలు ఊళ్ళోకి మెట్లుగా, గోడలుగా వెళ్ళిపోయాయి. కొన్ని సున్నం బట్టీలో కాలిపోయాయి. కెమిస్ట్రీలో కాల్షియం కార్బొనేట్ కాలిస్తే సున్నం వస్తుందని మనం చదివాం. రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పం కూడా అదే సమీకరణం ప్రకారం సున్నం అవుతుంది.

మిగిలినదాన్ని మెకంజీ జట్టు ఏం చేసిందంటే, కొలిచింది. ప్లాను గీసింది. ఒక్కో పలకనీ పెన్సిల్‌తో, సిరాతో బొమ్మ వేసింది. పలక మీద అక్షరాలుంటే వాటినీ ఉన్నవి ఉన్నట్టు గీసింది. ఆ అక్షరాలు బ్రాహ్మీ లిపి. అప్పటికి భూమ్మీద ఎవరూ దాన్ని చదవలేరు. మెకంజీ ఆ కట్టడం జైనులదేమో అనుకున్నాడు. అది బౌద్ధుల మహాస్తూపమని ఆయనకి తెలియకుండానే పోయింది. బ్రాహ్మీని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో చదివాడు. మెకంజీ పోయిన పదహారేళ్ళకి.

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. తను చదవలేని దాన్ని తప్పుల్లేకుండా దింపుకున్నాడు. అర్థం కాలేదు కదా అని వదిలేయలేదు, తనకి తోచిన అర్థం దానికి అంటగట్టి అక్షరాలు దిద్దనూ లేదు. ఈ అక్షరం గుండ్రంగా ఉంది, ఈ చోట విరిగింది, ఇక్కడ చుక్క ఉంది, అంతే. చదివేవాడు ఎప్పుడో వస్తాడు, వాడికి డేటా ఉండాలి. ఆ రోజు గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, ఆ బొమ్మలే మిగిలాయి. తెలుగులో మనకి దొరికిన మొట్టమొదటి మాటగా చెప్పుకునే నాగబు అనే పదం కూడా అమరావతి రాతి మీదిదే. ఆ దిబ్బలో రాజుగారి మనుషులు వెతికిన నిధికి ఇంతకంటే ధర కడతారా?

ఇప్పుడు మా పెద్దాయన రాయి. నేను ఆయనకి ముందు ఒక్కటే చెప్పాను. డబ్బు ఇవ్వడం ఎటూ మీ చేతిలోనే ఉంది, ఒక్క వారం ఆగండి అని. ఊళ్ళో ఉన్న ఆయన కొడుకుకి ఫోన్ చేయించి, చీకటి పడ్డాక రాయి దగ్గరికి వెళ్ళమన్నాం. ఒక ఫోన్‌ని కదలకుండా ఇటుకల మీద ఆనించి, ఇంకో ఫోన్ టార్చిని రాయికి పక్క నుంచి, దాదాపు రాతికి ఆనేలా వేసి, ఒక్కో వైపు నుంచి ఒక్కో ఫొటో. మొత్తం ఎనిమిది. సుద్ద పూయొద్దు, గీకొద్దు, కడగాలంటే మంచినీళ్ళు చాలు అని గట్టిగా చెప్పాను. పగలు నిండు ఎండలో చదునుగా కనిపించే రాయి, పక్క వెలుగులో వేరేగా కనిపిస్తుంది. అరిగిన గీత లోతు సగం మిల్లీమీటరే ఉన్నా నీడ పడుతుంది. మ్యూజియంవాళ్ళు ఇదే పనిని గుండ్రటి గొడుగులాంటి చట్రంలో పదుల లైట్లు పెట్టి, కంప్యూటర్‌తో కలిపి చేస్తారు. మనది పేదవాడి వెర్షన్.

ఆ ఎనిమిదీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఐదు వరసలు తేలాయి. శాసనాలు చదివిన ఒక లెక్చరర్ సాయం చేశారు. మొదటి వరస స్వస్తిశ్రీ. మూడో వరసలో దీపానికి అన్న మాట. నాలుగో వరసలో మఱుతురు. తెలంగాణ శాసనాల్లో ఇది పొలం కొలత. మిగతాది పగిలిపోయింది. అంటే ఎవరో ఒకాయన గుడిలో దీపం వెలగడానికి ఇంత పొలం రాసిచ్చి, దాని గుర్తుగా ఆ రాయి పాతించాడు. పైన ఉన్న సూర్యచంద్రులు దిక్కులు కావు, అడుగుల లెక్క కాదు. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఈ దానం నిలవాలి అని, చదువు రానివాడికి కూడా అర్థం కావడానికి చెక్కిన బొమ్మ. మన పాత శాసనాల్లో ఆచంద్రార్కం అన్న మాటకి అదే అర్థం. అలాగే వామనుడు ఉంటే అది వైష్ణవ మాన్యం హద్దు, త్రిశూలం ఉంటే శైవ మాన్యం హద్దు, గాడిద బొమ్మ ఉంటే చెరిపినవాడికి తిట్టు. ఆ రాయి ఒక రకంగా పొలం పట్టా. పట్టా కింద ఎవరూ బంగారం పాతిపెట్టరు.

ఒక మాట కూడా చెప్పాను పెద్దాయనకి. నిజంగానే ఏదైనా దొరికినా అది నేరుగా తవ్వినవాడిది అయిపోదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాల్సిందే, దాస్తే జైలు. స్వామి ఆ సంగతి చెప్పి ఉండడు. పై వారం పెద్దాయన మళ్ళీ మోండాకి వచ్చి ఐదు బిందెలు, ఒక గంగాళం తీసుకెళ్ళాడు. రాయిని కదిలించలేదట. ఇంటావిడ పసుపు రాసి బొట్టు పెట్టిందట. నాకు అది చాలా సంతోషం. మెకంజీకి తెలిస్తే ముందు రాయి కొలతలు అడిగేవాడు.

మిగతా జీవితం త్వరగా చెప్తాను. టిప్పు సుల్తాన్ పడిపోయాక 1800 నుంచి 1810 దాకా మైసూరు రాజ్యం మొత్తం సర్వే చేశాడు. దాదాపు 40 వేల చదరపు మైళ్ళు. అడవి జ్వరాలు ఆయన్నీ, ఆయన మనుషుల్నీ వదల్లేదు. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్. 1811లో జావా యుద్ధానికి వెళ్ళి అక్కడ రెండేళ్ళు ఉండి, అక్కడి గుళ్ళనీ శాసనాలనీ కూడా వదల్లేదు. అక్కడే 1812లో, 58వ ఏట, పెట్రొనెలా బార్టెల్స్ అనే డచ్చి యువతిని పెళ్ళి చేసుకున్నాడు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అనే కొత్త పదవి పెట్టి ఆయనకే ఇచ్చారు. 1817లో కలకత్తా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి గాలి పడలేదు. 1821 మే 8న కలకత్తా దగ్గర కన్నుమూశాడు. మద్రాసులో దిగిన రోజు నుంచి 38 ఏళ్ళు. ఒక్కసారి కూడా సొంత ఊరికి తిరిగి వెళ్ళలేదు.

ఆయన వెనక మిగిలిన సామాను జాబితా చూడండి. తాళపత్రాలు, రాతప్రతులు 1,568. ఊళ్ళ చరిత్రలు 2,070. శాసనాల నకళ్ళు 8,076. అనువాదాలు 2,159. బొమ్మలు 2,630. నాణేలు 6,218. ఇవి కాక ప్లానులు, విగ్రహాలు. కంపెనీ ప్రభుత్వం ఆయన భార్యకి లక్ష రూపాయలిచ్చి మొత్తం కొంది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో దీనికి క్యాటలాగు అచ్చువేశాడు. కొంత లండన్ వెళ్ళింది, కొంత మద్రాసుకి చేరింది. ఇంత పోగుచేసిన మనిషి దీని మీద ఒక్క పెద్ద పుస్తకం కూడా రాయలేకపోయాడు. రిటైరయ్యాక రాద్దామనుకున్నాడు. రిటైర్మెంటు రాలేదు. అసైన్‌మెంట్లు చివరి వారానికి దాచుకునే మనకి ఇందులో ఒక పాఠం ఉంది కానీ, నేను చెప్పను.

ఆ తర్వాత జరిగింది మాత్రం చెప్పి తీరాలి. ఆ పని అంతా ఎక్కడుందో, ఏ కట్టలో ఏముందో అందరికంటే బాగా తెలిసినవాడు కావలి లక్ష్మయ్య. పనిని తాను కొనసాగిస్తానని అడిగాడు. 1830లలో ఆ అర్జీ కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకి వెళ్తే, ఇంత పెద్ద పనికి యూరోపియన్ బుర్ర ఉండాలి, స్థానికుడి వల్ల కాదన్నట్టు తేల్చేశారు. ఆ అభిప్రాయం రాసింది వేరెవరో కాదు, బ్రాహ్మీ చదివిన ప్రిన్సెప్. ఎంత తెలివైనవాడికైనా ఎదుట ఉన్న మనిషి కనపడకపోవచ్చు. రాయి మీద అరిగిన అక్షరాన్ని చదవగలిగిన కళ్ళే ముప్పై ఏళ్ళు ఆ పని చేసినవాడి యోగ్యతని చదవలేకపోయాయి. కట్టలు మద్రాసులో చెదలు పడుతూ ఉండిపోయాయి. తర్వాత సి. పి. బ్రౌన్ పూనుకుని, శిథిలమవుతున్న తెలుగు కైఫీయత్తులకి మళ్ళీ నకళ్ళు రాయించాడు. ఇవాళ కడప జిల్లా కైఫీయత్తులు తెలుగులో అచ్చు పుస్తకాలుగా మనకి దొరుకుతున్నాయంటే వీళ్ళందరి చేతివాటమే.

థామస్ హికీ 1816లో గీసిన మెకంజీ చిత్రపటం ఒకటుంది. నెట్‌లో వెతికితే కనిపిస్తుంది. ఎర్రకోటు వేసుకుని ఆయన, వెనక కొండ మీద గోమటేశ్వరుడు. ఆయన చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. అందులో ఒకరు లక్ష్మయ్య అనీ, తాళపత్రం పట్టుకున్నాయన ధర్మయ్య అనీ చెప్తారు. అప్పటి దొరల చిత్రపటాల్లో నౌకర్లు కనిపించడం మామూలే. కానీ ఇందులో వాళ్ళు గొడుగు పట్టుకుని లేరు, వాళ్ళ పని సామాను పట్టుకుని ఉన్నారు. తను చదవలేదని, చదివింది వీళ్ళని ఆ బొమ్మ ఒప్పుకుంటున్నట్టే నాకనిపించింది.

మీలో చాలామంది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. మీ ఊరి గుడి వెనకో, చెరువు తూము దగ్గరో, చేను గట్టు మీదో ఇలాంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు రాత్రి పక్క వెలుగులో ఎనిమిది ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీసి, మన క్లబ్ గ్రూపులో పెట్టండి. చదవలేకపోయినా ఫర్వాలేదు. ఊరి పేరు, రాయి ఉన్న చోటు సరిగ్గా రాయండి. గుప్తనిధుల ముఠాలు గునపాలతో తిరుగుతున్న రోజులివి. నంది చెవులు పగలగొట్టి చూసేవాళ్ళకంటే ముందు మనం వెళ్ళాలి.

బొర్రయ్య గురించి ఒక్క మాట మిగిలిపోయింది. ఆయన 1803లో చనిపోయాడు. వయసు 26. మెకంజీ తర్వాత ఎక్కిన పదవులేవీ ఆయన చూడలేదు. మెకంజీ మద్రాసు సముద్రం ఒడ్డున ఆయన పేర ఒక స్మారకం కట్టించాడు. తమ్ముడు రామస్వామి 1829లో దక్కన్ కవుల చరిత్ర అని ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో అన్నకీ చోటిచ్చాడు. మెకంజీ పేరు చెప్పినప్పుడల్లా ఆ పక్కనే ఏలూరు కుర్రాడి పేరు కూడా చెప్పడం మన వంతు.